ఆధార్ లేని పిల్లల లిస్టు ఊరి గ్రూపులోకి వెళ్ళింది, ఇప్పుడేం చేయాలి?

గెలాక్సీరాయి_టీచర్ | శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మా బడి చీమకుర్తి చుట్టుపక్కల ఉంటుంది, అంతకంటే వివరం చెప్పను. క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్న ఊరు కాబట్టి నా తరగతిలో 31 మందిలో 9 మంది ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి పనికొచ్చిన వాళ్ళ పిల్లలే.

సంక్రాంతి సెలవులు అయిపోగానే పైనుంచి ఆధార్ పెండింగ్ ఎంతమంది అని అడిగారు. మా బడిలోనే ఒకరు (చెడ్డ మనిషి కాదు, పని ఒత్తిడిలో చేశారు) లిస్టు తయారుచేసి, దాన్ని ఫొటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టేశారు. పిల్లల పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, సొంత ఊరు, ఇక్కడ ఏ యూనిట్ వెనక రేకుల షెడ్డులో ఉంటున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. చివరి గడిలో ఎర్ర రంగుతో "ఆధార్ లేదు". అరగంట తిరక్కుండా ఆ ఫొటో ఊరి గ్రూపులోకి పోయింది. అక్కడినుంచి యాడికి పోయిందో ఎవరికి తెలుసు?

ఆ తొమ్మిది మందిలో ఒక పాప ఉంది. వాళ్ళ నాన్న అంతకుముందు ఒక ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకుని పనిచేస్తూ, అక్కడ కొట్టారని మధ్యలోనే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చేశాడట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఎందుకు చెప్తాడు? లిస్టు బయటికి పోయిన మూడో రోజు సాయంత్రం ఇద్దరు మనుషులు బండి మీద షెడ్డు దగ్గరికొచ్చి, ఫోనులో అదే ఫొటో చూపించి, ఆ పేరు మీద వేలు పెట్టి అడిగారని పక్క షెడ్డు ఆమె నాతో చెప్పింది. తెల్లారేసరికి కుటుంబం లేదు.

పాప పుస్తకం నా బీరువాలో ఉండిపోయింది. దిద్దడానికని తీసుకున్నాను. ప్రతి పేజీలో పైన నేను చెప్పిన తెలుగు పదం, దాని కిందే పెన్సిలుతో చిన్నగా అదే పదం ఒడియాలో రాసుకుంది. ఒడియా అక్షరాల మీద గొడుగు పట్టినట్టు ఉంటుంది చూశారా, ఆ గొడుగులన్నీ వరసగా గుండ్రంగా వేసింది. ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు అట్లా రాసుకోమని. ఆఖరి పేజీలో "వాన" అని రాసి కింద ఖాళీగా వదిలేసింది.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఇట్లాంటి పిల్లల వివరాలు అడగడానికి, రాసుకోవడానికి, బయటపెట్టడానికి బడికి ఎంతవరకు హక్కుంది? మిగతా ఎనిమిది మందికి రేపు ఏమీ కాకుండా నేనేం చేయగలను? సర్దిచెప్పే మాటలొద్దు, తెలిసినవాళ్ళు సంగతి చెప్పండి.

ఒంగోలు_నాన్న | రాత్రి 10:31

మేడం, చదివాక నిద్ర పట్టదు నాకు. ముందు ఆ ఫొటో గ్రూపులో ఇంకా ఉందా లేదా చూడండి. ఉంటే పెట్టినవాళ్ళ చేతే అందరికీ డిలీట్ కొట్టించండి, కుదరకపోతే గ్రూపు అడ్మిన్‌ని అడగండి. ఊరి గ్రూపు అడ్మిన్‌కి కూడా ఫోన్ చేసి చెప్పండి. పోయింది పోయినా ఇంకో పదిమంది చూడకుండా ఆగుతుంది.

రిటైర్డ్_హెడ్మాస్టర్_కందుకూరు | శనివారం ఉదయం 6:05

అమ్మా, 34 ఏళ్ళ సర్వీసులో పది బడులు తిరిగిన వాణ్ణి. నీ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది, మనవాళ్ళే తెరిచి చూడరు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానికి మూలం రాజ్యాంగంలోని 21ఏ. ఆ అధికరణలో ఉన్న మాట 'పిల్లలందరికీ' అని. ఈ రాష్ట్రం పిల్లలకు అని లేదు, ఆధార్ ఉన్న పిల్లలకు అని లేదు. 6 నుంచి 14 ఏళ్ళ మధ్య ఎవరైనా సరే. 14వ సెక్షన్ వయసు రుజువు లేదని అడ్మిషన్ కాదనకూడదు అంటుంది. పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే అంగన్‌వాడీ రికార్డు, అదీ లేకపోతే తల్లో తండ్రో రాసిచ్చిన డిక్లరేషన్ చాలు. 15వ సెక్షన్ ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. 5వ సెక్షన్ ప్రకారం పాత బడి టీసీ రాలేదని కొత్త బడి ఆపకూడదు, టీసీ ఇవ్వడంలో ఆలస్యం చేసిన హెడ్మాస్టర్ మీద శాఖాపరమైన చర్య ఉంటుంది. ఇక 9వ సెక్షన్‌లో స్థానిక సంస్థల బాధ్యతలు చెప్తూ వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించాలని విడిగా రాశారు. అంటే ఈ పిల్లలు మన దయ మీద కూర్చోవడం లేదమ్మా, వాళ్ళను వెతికి తెచ్చి కూర్చోబెట్టడం మన డ్యూటీ.

ఆధార్ సంగతి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పులో బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని స్పష్టంగా చెప్పింది. ఆధార్ లేదని ఏ పిల్లవాడికీ అడ్మిషన్ కాదనకూడదు. మరి మనం అడుగుతున్నది ఎందుకంటే ఆన్‌లైన్‌లో గడి ఉంది కాబట్టి. గడి ఉన్నంత మాత్రాన పిల్లకు తప్పు ఉన్నట్టు ఎర్ర రంగు వేయక్కర్లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. మా రోజుల్లో అడ్మిషన్ రిజిస్టర్ హెడ్మాస్టర్ బీరువాలో తాళం కింద ఉండేది. ఎవరైనా వచ్చి ఫలానా వాళ్ళ పిల్లాడి అడ్రసు కావాలంటే "మీరెవరు, ఎందుకు" అని అడిగి, కాగితం మీద రాసివ్వమని, తండ్రికి కబురు పెట్టేవాళ్ళం. చట్టం చదివి చేసింది కాదు, పిల్లల్ని మనకు అప్పజెప్పారన్న భయం. ఇప్పుడు ఆ రిజిస్టర్ ఫోనులోకి వచ్చింది గానీ తాళం రాలేదు.

ఎంఆర్‌సీ_మనిషి | ఉదయం 8:40

నేను మండల విద్యావనరుల కేంద్రంలో పనిచేస్తాను, జిల్లా చెప్పను. లిస్టు పెట్టినాయన్ని తిట్టకండి, ఆయన పరిస్థితి నాకు తెలుసు. పొద్దున తొమ్మిదికి మెసేజ్ వస్తుంది, సాయంత్రం ఐదుకల్లా పెండింగ్ సున్నా కావాలని. ఐదున్నరకు ఏ బడి వెనకబడిందో ఇంకో మెసేజ్. ఆ టెన్షన్‌లో చేతికి దొరికింది ఫొటో తీసి గ్రూపులో పడేస్తారు, ఎవరో ఒకరు చూసి కాగితం పట్టుకొస్తారు కదా అని.

పని జరిగే తీరు చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. యూడైస్ ప్లస్ అని దేశంలోని బడుల వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు ఉంది, అందులో ప్రతి పిల్లవాడికీ ఒక పెన్ నంబరు వస్తుంది, పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్. పిల్ల వెళ్ళిపోతే పాత బడి ఆ పేరును డ్రాప్ బాక్స్‌లో పెట్టాలి, కొత్త బడి అక్కడినుంచి తీసుకోవాలి. రాష్ట్రం మారినా ఇదే పద్ధతి. కాబట్టి మేడం, ఆ పాప పేరు మీ బడిలోంచి కొట్టేసి "మానేసింది" అని వదిలేయకండి. అట్లా చేస్తే ఇంకో బడివాళ్ళు కొత్త పేరుగా ఎక్కిస్తారు, ఆ పిల్ల రెండు చోట్లా రెండు మనుషులు అవుతుంది, రేపు పదో తరగతిలో తన్నుకోవాలి.

రెండోది అపార్, పిల్లల చదువు రికార్డులన్నీ ఒకచోట ఉంచే ఐడీ. ఇది వేరు, పెన్ వేరు. అపార్‌కు తల్లిదండ్రుల సమ్మతి పత్రం మీద సంతకం కావాలి, ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర్లేదు, ఇచ్చాక వెనక్కీ తీసుకోవచ్చు. కానీ ఒడిశా నుంచి వచ్చిన ఒక తల్లికి తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం ఇచ్చి వేలిముద్ర వేయమంటే దాన్ని సమ్మతి అంటామా? నా చేతుల మీదుగా అట్లాంటివి చాలా వెళ్ళాయి. ఇప్పుడు చెప్పుకుంటున్నాను. ఆ రోజు ఆ తల్లిని కూర్చోబెట్టి హిందీలోనైనా ఐదు నిమిషాలు చెప్పాల్సింది.

నెల్లూరు_ట్రంకురోడ్డు | ఉదయం 9:15

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, రెండో వైపు కూడా వినండి. ఎవరు ఎక్కడినుంచి వస్తున్నారో తెలియకపోతే ఎట్లా? పోయినేడు మా వీధిలో అద్దెకు దిగినవాళ్ళు ఏ కాగితమూ ఇవ్వలేదు, మూడు నెలల తర్వాత పక్కింట్లో దొంగతనం జరిగింది, వాళ్ళూ లేరు. మా ఇద్దరు పిల్లలు సర్కారు బడిలోనే చదువుతున్నారు. పక్కన ఎవరు కూర్చుంటున్నారో తెలుసుకునే హక్కు నాకు లేదా? పిల్లల మీద నాకేం కోపం లేదు. కానీ బడి అందరి వివరాలూ సరిచూడాలి, తేడా ఉంటే చెప్పాల్సిన వాళ్ళకు చెప్పాలి.

గెలాక్సీరాయి_టీచర్ | ఉదయం 9:52

అన్నా, మీ భయం నాకు అర్థమైంది. కానీ మా ఊళ్ళో ఏం జరిగిందో ఇంకోసారి చూడండి. ఆ లిస్టు చూసి వచ్చినవాళ్ళు పోలీసులు కాదు, అప్పు కోసం మనిషిని పట్టుకుపోయేవాళ్ళు. లిస్టు వల్ల ఊరికి భద్రత పెరగలేదు, ఎనిమిదేళ్ళ పిల్ల రాత్రికి రాత్రి బస్సెక్కింది. మీ పిల్లల ఫోన్ నంబరు, ఇల్లు ఎక్కడో నేను మా ఊరి గ్రూపులో పెడితే మీరు ఒప్పుకుంటారా?

ఆత్మకూరు_టు_ఫ్రిస్కో | ఉదయం 10:20

నెల్లూరు జిల్లా ఆత్మకూరు మాది, ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఇక్కడ రాత్రి అయినా ఇది చదివి రాయకుండా పడుకోలేకపోతున్నా, ఎందుకంటే ఇక్కడ వలసొచ్చినవాళ్ళ పిల్లలంటే మా పిల్లలే.

మేం వచ్చిన కొత్తలో అబ్బాయిని బడిలో చేర్చడానికి వెళ్తే అడిగినవి మూడు. ఆ ఏరియాలోనే ఉంటున్నామని ఇంటి అద్దె కాగితం, టీకాల రికార్డు, పుట్టిన తేదీ రుజువు. వీసా కాగితాలు ఫైల్లో పెట్టుకుని చేతులు వణుకుతూ కూర్చున్నాను, బడి ఆఫీసులో ఆవిడ ఆ ఫైలు ముట్టుకోలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి ఉంది, అప్పటికి వాడికి నంబరు లేదు, లేకపోతే స్టేట్ వాళ్ళు ఇంకో నంబరు ఇస్తారని చెప్పి ముందుకు పోయింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారం ఇచ్చారు. తెలుగు అని రాశాను. రాసేటప్పుడు భయమేసింది, వీడిని వేరేగా కూర్చోబెడతారేమో అని. అది ఇంగ్లీషులో సాయం కావాలో లేదో చూడటానికేనని తర్వాత తెలిసింది.

దీని వెనక పెద్ద కథ ఉంది, అదీ ఈ టెక్సస్ కథే. 1975లో ఇక్కడ ఒక చట్టం తెచ్చారు, సరైన కాగితాలు లేకుండా దేశంలోకి వచ్చిన పిల్లల చదువుకు రాష్ట్రం డబ్బు ఇవ్వదని. టైలర్ అనే ఊళ్ళో బడివాళ్ళు అలాంటి పిల్లలు ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలన్నారు. 1977లో కొన్ని మెక్సికన్ కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. సొంత పేర్లు బయటపడకుండా కేసులో అందరికీ "డో" అని మారుపేరు పెట్టారు. జనం కంట్లో పడకూడదని జడ్జి తెల్లవారుజామునే విచారణ పెట్టాడు. ఆ తల్లిదండ్రులు కోర్టుకు వచ్చేటప్పుడు సామాన్లన్నీ కారులో సర్దుకుని వచ్చారు, అటునుంచి అటే దేశం దాటిస్తే ఏమిటని. మేడం రాసిన షెడ్డు సంగతి చదవగానే నాకు ఆ కార్లే గుర్తొచ్చాయి.

1982 జూన్ 15న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో పిల్లల వైపు తీర్పిచ్చింది. ప్లైలర్ వర్సెస్ డో అంటారు. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదన్నది దాని సారం. అందుకే ఇక్కడ బడి పిల్లల ఇమ్మిగ్రేషన్ సంగతి అడగదు. అడిగితే కొంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేస్తారు కాబట్టి.

ఇంకోటి ఫెర్పా, 1974 నాటి చట్టం. పిల్లల రికార్డు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా బయటివాళ్ళకు ఇవ్వకూడదు, కోర్టు ఆర్డరు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. పేరు, అడ్రసు, ఫోను లాంటివి 'డైరెక్టరీ సమాచారం' కింద ఇవ్వొచ్చు గానీ, ముందు తల్లిదండ్రులకు చెప్పాలి, వద్దు అనే అవకాశం ఇవ్వాలి. ప్రతి ఆగస్టులో వచ్చే కాగితాల కట్టలో ఆ ఫారం ఉంటుంది, చాలామంది మనవాళ్ళు చూడకుండా సంతకం పెట్టేస్తారు. నేనూ రెండేళ్ళు అట్లాగే పెట్టాను.

ఇక్కడ అంతా బాగుందని చెప్పడానికి రాయలేదు. బడుల దగ్గర ఇమ్మిగ్రేషన్ అధికారులు అరెస్టులు చేయకుండా తగ్గించే విధానం 2011 నుంచి ఉండేది, 2025 జనవరిలో తీసేశారు. అప్పటినుంచి మా ఎదురింటి స్పానిష్ ఆవిడ పిల్లల్ని బస్సెక్కించడానికి బయటికి రాదు, కిటికీలోంచి చూస్తుంది. మా బడిలో ఆఫీసు వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చారు. ఎవరైనా వారెంటు తెస్తే దాని మీద జడ్జి సంతకం ఉందా, లేక ఆ శాఖ వాళ్ళే రాసుకున్నదా చూడాలి, సొంతంగా ఏదీ ఇవ్వకుండా స్కూల్ డిస్ట్రిక్ట్ (బడుల్ని నడిపే సంస్థ) లాయరుకు ఫోన్ చేయాలి. ఆఫీసు బల్ల దగ్గర ఉండే ఆవిడకు కూడా ఇది తెలిసి ఉండటం, అదీ నాకు నచ్చింది. మీ దగ్గర గేటు దగ్గర ఎవరుంటారో వాళ్ళకు చెప్పండి మేడం. ఆయాకో, మధ్యాహ్న భోజనం వండే అక్కకో. మనుషులొచ్చి ముందు అడిగేది వాళ్ళనే.

నెల్లూరు_ట్రంకురోడ్డు | ఉదయం 11:03

అమెరికాది వేరే సంగతి. అయినా ఆ కారులో సామాన్లు సర్దుకొచ్చారన్న ముక్క దగ్గర ఆగాను. సరే, వింటున్నాను, చెప్పండి.

బలంగీర్_బిడ్డ | మధ్యాహ్నం 1:18

ఈ చర్చలో ఎవరూ నాలాంటివాణ్ణి అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. మాది ఒడిశా బలంగీర్ జిల్లా. ఏడేళ్ళప్పుడు అమ్మానాన్నతో ఈ ప్రాంతం వచ్చాను, ఇప్పుడు 26. ఒక పాలిషింగ్ యూనిట్లో కంప్యూటర్ మీద బిల్లులు చూస్తాను. తెలుగు ఇక్కడే నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి.

మా దగ్గర నువాఖాయ్ (కొత్త బియ్యం పండగ) అయ్యాక సర్దార్, అంటే కూలీల్ని కుదిర్చేవాడు, ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో అప్పు తీరుస్తారు, కొంచెం ఇల్లు కప్పుతారు, తర్వాత రైలెక్కి బట్టీకి వస్తారు, వానల ముందు మళ్ళీ ఊరికి. కాబట్టి మా ఊరి బడిలో అక్టోబరు తర్వాత నా పేరు ఉండేది, నేను ఉండను. ఇక్కడ బడిలో నేను ఉండేవాణ్ణి, పేరు ఉండదు. మూడుసార్లు ఒకటో తరగతిలో కూర్చున్నాను. మూడోసారి ఒక టీచరు వయసు అడిగి అమ్మ చెప్పిన గుర్తుతో (పెద్ద కరువు వచ్చిన ఏడాది తర్వాత వరికోతల్లో పుట్టాను) తేదీ వేసి, వయసుకు తగ్గట్టు మూడో తరగతిలో కూర్చోబెట్టి సాయంత్రాలు చెప్పింది. చట్టంలో ఇది ఉందని నాకు ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు ఆమె మంచితనం అనుకున్నాను.

నాకు జరిగిన నష్టం ఏంటంటే పేరు. నా పేరు పలకడం కష్టమని ఇంకో బడిలో రిజిస్టర్లో సురేష్ అని రాశారు. పిలవడానికి బాగుంది, నేనూ నవ్వాను. తర్వాత ఊళ్ళో ఆధార్ తీసుకుంటే అసలు పేరు పడింది. పదో తరగతి సర్టిఫికెట్లో సురేష్. ఆ ఇద్దరూ ఒకడే అని రుజువు చేయడానికి రెండేళ్ళు తిరిగాను, అఫిడవిట్లు, గెజిట్, ఎంత ఖర్చో. దయచేసి టీచర్లు పిల్లాణ్ణే పేరు పలకమని అడగండి, రెండుసార్లు పలికించి, తల్లికి చదివి వినిపించి రాయండి. అది చిన్న పని.

ఆ పాప వాళ్ళ నాన్న తప్పు చేశాడని ఎవరైనా అనుకుంటారేమో. అడ్వాన్సు కోసం మనిషిని కట్టిపడేయడం నేరం, 1976 నుంచే వెట్టిచాకిరీ నిషేధ చట్టం ఉంది. పారిపోయినవాడు దొంగ కాదు.

ట్రంకురోడ్డు అన్నా, మీ పక్కింట్లో దొంగతనం జరిగినందుకు బాధగా ఉంది. మా షెడ్డులో కూడా దొంగతనాలు జరుగుతాయి. మేం చెప్పుకోవడానికి స్టేషన్‌కి వెళ్తే ముందు మా కాగితాలే అడుగుతారు.

బాలాజీనగర్_అమ్మ | మధ్యాహ్నం 2:02

బాబూ, నువ్వు రాసింది మా వారికి చదివి వినిపించాను.

నెల్లూరులో మావాడి తరగతిలో బెంగాలీ మాట్లాడే అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్న ఒక బేకరీలో వంట. మావాడికి మంచి దోస్తు, టిఫిన్ మార్చుకుంటారు. ఈ మధ్య ఫోన్లలో చూసి పిల్లలు ఆ అబ్బాయిని "బంగ్లాదేశ్" అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు తరగతిలో "ఆధార్ తేనివాళ్ళు లేచి నిలబడండి" అన్నారట, లేచింది వాడొక్కడే. ఎవరో వెనకనుంచి ఆ మాట అన్నారు, అందరూ నవ్వారు, నిలబెట్టినవాళ్ళు ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి వాడు టిఫిన్ డబ్బా తెరవడు, బెల్లు కొట్టగానే చేతులు కడుక్కునే చోటికి పోయి నిలబడతాడని మావాడు చెప్పాడు. మావాడూ నవ్వాడా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏడ్చాడు.

నేను వెళ్ళి హెడ్ మేడంతో మాట్లాడాను. ఎవరి మీదా కంప్లైంట్ ఇవ్వలేదు. కాగితాలు ఏవైనా కావాలంటే పిల్లల్ని నిలబెట్టి అడగకుండా తల్లిదండ్రుల్ని పిలిచి విడిగా అడగండి అన్నాను. ఆమె ఒప్పుకుంది. పిల్లలు ఆ మాట అనడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

కోర్టు_సెంటర్_లాయర్ | సాయంత్రం 5:30

బాలాజీనగర్ అమ్మ గారూ, మంచి పని చేశారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. పదిమందిలో నిలబెట్టి అవమానం జరగనివ్వడం దానికి చాలా దగ్గర.

టీచరు గారి మొదటి ప్రశ్నకు వస్తాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. దానికి తగ్గట్టు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి, అదీ సరిచూసుకోగల సమ్మతి కావాలి. పిల్లల విషయంలో ఉల్లంఘనకు 200 కోట్ల వరకు జరిమానా రాశారు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. కాబట్టి ఈరోజే ఆ చట్టం కింద కేసు వేద్దామంటే కుదరదు. కానీ బడి ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. ఏ పనికోసం తీసుకున్న సమాచారం ఆ పనికే. ఆధార్ గడి నింపడానికి తీసుకున్న ఫోన్ నంబరు గ్రూపులో పెట్టడానికి తీసుకున్నది కాదు.

ఇంకో చట్టం ఇప్పుడే అమల్లో ఉంది, ఇది ఎక్కువమందికి తెలియదు. బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్. బట్టీల నుంచి, పనుల నుంచి తప్పించిన పిల్లలైనా, రక్షణ అవసరమైన పిల్లలైనా, వాళ్ళ పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "పిల్లల్ని కాపాడాం" అని ముఖాలు కనిపించేట్టు ఫొటోలు స్టేటస్ పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బడికి ఎవరైనా వచ్చి పిల్ల వివరాలు అడిగితే నేను చెప్పే పద్ధతి ఇది. మేస్త్రీ, ఓనరు, బంధువునని చెప్పుకునేవాడు, ఊరి నాయకుడు, ఎవరికీ నోటిమాటకు చెప్పొద్దు, ఆ పిల్ల ఇక్కడ చదువుతోందని కూడా చెప్పొద్దు. పోలీసులో ఇంకో శాఖవాళ్ళో అయితే గౌరవంగా కూర్చోబెట్టి, దేనికోసమో రాసివ్వమనండి, హెడ్మాస్టరే జవాబిస్తారని చెప్పండి, పై అధికారికి వెంటనే తెలియజేయండి. పిల్లను మాత్రం తల్లిదండ్రులు లేకుండా ప్రశ్నలకు కూర్చోబెట్టొద్దు. ఎవరైనా బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రోజంతా పనిచేస్తుంది. ఆ కుటుంబాన్ని బట్టీవాళ్ళు మళ్ళీ వెంటాడితే వెట్టిచాకిరీ చట్టం కింద కలెక్టరు గారికి అర్జీ పెట్టొచ్చు, ఆ కాగితం నేను డబ్బులు తీసుకోకుండా రాసిస్తాను.

నెల్లూరు_ట్రంకురోడ్డు | సాయంత్రం 6:44

లాయర్ గారూ, ఒక్కటి చెప్పండి. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మెంబర్ని. ఆ కమిటీలో మేం కూడా లిస్టులు చూస్తాం. అది తప్పా?

కోర్టు_సెంటర్_లాయర్ | సాయంత్రం 7:01

కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెప్పింది, కాబట్టి మీరు ఉండటం మంచిదే. ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, భోజనం ఎట్లా ఉంది అన్నవి మీరు చూడాల్సినవే. దానికి అంకె చాలు, పేరు, షెడ్డు, ఫోను అక్కర్లేదు. ఇంకో మాట, వలస తల్లిదండ్రుల్లో ఒకరు మీ కమిటీలో ఉన్నారా?

నెల్లూరు_ట్రంకురోడ్డు | సాయంత్రం 7:20

లేరు. ఒక్కరు కూడా లేరు. సోమవారం మీటింగ్ ఉంది, అడుగుతాను. గ్రూపులో పాత లిస్టులు ఉన్నాయి, ముందు అవి తీయిస్తాను.

గెలాక్సీరాయి_టీచర్ | మంగళవారం రాత్రి 9:37

నాలుగు రోజులుగా రాయలేకపోయాను, పని ఎక్కువైంది. చేసినవి చెప్తాను.

ఫొటో రెండు గ్రూపుల్లోంచీ తీయించాం. పెట్టినాయన తనే ఊరి గ్రూపులో "ఎవరి దగ్గరున్నా తీసేయండి, నా పొరపాటు" అని రాశారు. అంత పెద్దమనిషి అట్లా రాస్తారనుకోలేదు, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఇకమీదట పేరెంట్స్ గ్రూపులో అంకెలు మాత్రమే పెడతాం, కాగితం కావాల్సిన వాళ్ళకు విడిగా ఫోను. వంట చేసే అక్కకూ ఆయాకూ చెప్పాం. ఆయా వెంటనే "అయితే పోయిన వారం ఒకతను అడిగాడమ్మా, ఒడిశా పిల్లలు ఏ టయానికి పోతారని" అంది. ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు సాయంత్రం నేనూ ఇంకో టీచరూ షెడ్ల దాకా నడిచి వెళ్తున్నాం.

మిగతా ఎనిమిది మందీ వస్తున్నారు. ఇద్దరు మూడు రోజులు రాలేదు, ఇంటికి వెళ్ళి మాట్లాడాను. ఆ ఇంట్లో అడిగిన మొదటి మాట, "మేడం, మళ్ళీ ఫొటో తీస్తారా?" అని. తీయనని చెప్పాను.

ఇక ఆ పాప. నిన్న సాయంత్రం వాళ్ళ నాన్న ఎవరి ఫోనులోనుంచో చేశాడు. పాప పుస్తకం కోసమే. ఏడుస్తోందట. వాళ్ళు ఎక్కడున్నారో ఇక్కడ రాయను, గ్రానైట్ పని ఉన్న ఇంకో చోటే, బస్సులో వెళ్ళి రాగలిగినంత దూరం. అక్కడి బడిలో టీసీ, ఆధార్ రెండూ లేకుండా చేర్చుకోం అన్నారట. హెడ్మాస్టారు గారు (కందుకూరు మాస్టారు కాదు, మా బడిలో వారు) ఈ రోజు రికార్డ్ షీట్ (టీసీ బదులు ఇచ్చే కాగితం) సంతకం పెట్టి ఇచ్చారు. పాప పేరు తండ్రి చేత రెండుసార్లు ఫోనులో పలికించి, రాసి చదివి వినిపించాను. మేం ఇంతవరకు ఒక అక్షరం తప్పు రాస్తున్నాం. పేరు డ్రాప్ బాక్స్‌లో కూడా పెట్టాం.

ఆదివారం పుస్తకం, రికార్డ్ షీట్ తీసుకుని నేనే వెళ్తాను. "వాన" కింద ఏం రాయాలో బలంగీర్_బిడ్డ గారిని అడుగుదామనుకున్నా, తర్వాత వద్దనుకున్నా, పాపే రాసుకుంటుంది. లాయర్ గారూ, ఆ అర్జీ సంగతి వాళ్ళ నాన్నను అడిగి చెప్తాను, ఆయన సరే అంటేనే.

మార్టూరు, బల్లికురవ వైపు పనిచేసే టీచర్లు ఎవరైనా ఉంటే కొంచెం సాయం కావాలి.

బల్లికురవ_సార్ | రాత్రి 9:58

మేడం, మా మండలంలో ఏ బడైనా నేను వచ్చి మాట్లాడతాను, మా బడిలోనైతే సోమవారమే కూర్చోబెడతాను. ఏ ఊరో ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పాపకు ఒడియా వాచకం దొరికితే తెస్తారా? మా దగ్గర ఇంకో ఇద్దరు ఉన్నారు.

బలంగీర్_బిడ్డ | రాత్రి 10:06

వాచకాలు నా దగ్గర ఉన్నాయి, ఒకటి, రెండు, మూడు తరగతులవి. శనివారం సాయంత్రం చీమకుర్తి బస్టాండ్‌కి తెస్తాను మేడం.